చెమట వాసన – చెప్పవలసిన మాట

పరిశుభ్రతకు ఇస్లాం ఇచ్చిన ప్రాధాన్యం తెలియని ముస్లిం కుటుంబం ఉండదు. ఉజూ, గుసుల్, మిస్వాక్, గోళ్ళు కత్తిరించుకోవడం – ఇవన్నీ మన పిల్లలు మక్తబ్‌లోనే నేర్చుకుంటారు. అయితే పరిశుభ్రతకే సంబంధించిన ఒక విషయంలో మాత్రం చాలా ఇళ్ళలో పెద్దలకు నోరు పెగలదు. పిల్లవాడికి 12, 13 ఏళ్ళు వచ్చేసరికి అతని చొక్కా చంకల దగ్గర ఘాటైన వాసన మొదలవుతుంది. ఎంత ఉతికినా పూర్తిగా పోదు. ఆరిన బట్టకు వాసన లేనట్టే ఉంటుంది, ఒంటి మీద వేసుకుని అరగంట తిరిగితే మళ్ళీ వచ్చేస్తుంది. మన చిత్తూరు, తిరుపతి ప్రాంతాల్లో వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలే. బడిలో పక్క బెంచీ పిల్లలు ముక్కు మూసుకుంటారు. మస్జిదులో పక్కన నిలబడినవారు కాస్త జరుగుతారు. పిల్లవాడికి సంగతి అర్థమవుతుంది, కానీ ఏం చేయాలో తెలియదు.

ఇలాంటప్పుడు తల్లిదండ్రులు సాధారణంగా రెండు దారులు తొక్కుతారు. కొందరు ‘పాపం, చిన్నబుచ్చుకుంటాడు’ అని ఏమీ అనరు. మరికొందరు చుట్టాల ముందే ‘ఏం కంపురా నీది!’ అని కసురుకుంటారు. మొదటిది దయలా కనిపిస్తుంది, రెండవది నిజాయితీలా కనిపిస్తుంది. కానీ ఏది ధర్మం? ఒక మనిషి ఒంటి వాసన గురించి అతనితో చెప్పడం అతన్ని నొప్పించడమా, అతని మేలు కోరడమా? చెప్పకుండా ఊరుకోవడం కారుణ్యమా, బాధ్యత నుంచి తప్పుకోవడమా? చూడడానికి చిన్న విషయమే. కానీ సాటి మనిషి గౌరవం, సాటివారి హక్కు, సంతానం పట్ల కన్నవారి కర్తవ్యం – ఈ మూడూ ఇందులో కలిసి ఉన్నాయి.

చెమట అపవిత్రమా?

ముందుగా ఒక అపోహ తొలగాలి. ‘పాక్’ వేరు, ‘సాఫ్’ వేరు. కళ్ళకు తెల్లగా మెరిసే బట్ట మీద మూత్రపు చుక్కలు పడి ఉంటే అది శుభ్రంగా కనిపించినా పాక్ కాదు. చెమటతో తడిసి వాసన వేసే బట్ట శుభ్రంగా లేకపోయినా నాపాక్ కాదు. మనిషి చెమట పవిత్రమేనని ధర్మశాస్త్ర పండితులు స్పష్టం చేశారు. గుసుల్ విధి అయిన స్థితిలో ఉన్న మనిషి చెమట కూడా అంతే.

దీనికి హజ్రత్ అబూ హురైరా (రజి) అనుభవమే ఆధారం. ఆయన గుసుల్ అవసరమైన స్థితిలో మదీనా వీధిలో దైవప్రవక్త (స) ఎదురుపడితే మెల్లగా తప్పుకుని, స్నానం చేసి తిరిగి వచ్చారు. కారణం తెలుసుకున్న దైవప్రవక్త (స) ఆశ్చర్యపోయారు, విశ్వాసి ఎన్నడూ అశుద్ధుడు కాడని బోధించారు. బుఖారి, ముస్లిం హదీసు గ్రంథాలు రెండింటిలోనూ ఈ సంఘటన ఉంది.

మన పిల్లలకు ముందు చెప్పవలసిన మాట ఇదే. చెమట పట్టడం పాపం కాదు. చెమట చొక్కాతో చేసిన నమాజు చెల్లదని భయపడనక్కర లేదు. మదనపల్లె మార్కెట్టులో టమోటా పెట్టెలు మోసేవారి చెమట, దామలచెరువు మండీలో మామిడికాయలు ఎత్తేవారి చెమట, మెకానిక్ షెడ్డులో పని నేర్చుకునే కుర్రవాని చెమట – ఇవన్నీ హలాల్ సంపాదన గుర్తులు. వాటిని చూసి ముఖం చిట్లించే హక్కు ఎవరికీ లేదు.

మరి పాపం కానప్పుడు పట్టించుకోవడం దేనికి? ఎందుకంటే పాపం కానిదంతా పట్టించుకోనక్కర లేనిదని ఇస్లాం చెప్పలేదు. తొలినాళ్ళలో అవతరించిన ‘అల్ ముద్దస్సిర్’ సూరాలోనే దుస్తులను పరిశుభ్రంగా ఉంచుకోవాలన్న ఆదేశం ఉంది. మాసిన బట్టలతో ఉన్న ఒక వ్యక్తిని చూసి, ఇతనికి బట్టలు ఉతుక్కోవడానికి ఏమీ దొరకలేదా అని దైవప్రవక్త (స) అన్నట్టు హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖించారు. బట్ట పాతదైనా ఫరవాలేదు, మాసి ఉండకూడదు. పేదరికం వేరు, నిర్లక్ష్యం వేరు.

ఆ వాసన తెచ్చే కబురు

చిన్నపిల్లలు కూడా ఆడి ఆడి చెమటతో తడిసిపోతారు, కానీ వారి చెమట అంతగా వాసన వేయదు. యవ్వనం సమీపించేటప్పుడు చంకల్లో, తొడల మధ్య ఉండే ఒక రకం స్వేదగ్రంథులు పని మొదలుపెడతాయి. వాటి నుంచి ఊరే ద్రవంలో కొవ్వు, మాంసకృత్తులు ఉంటాయి. ఆ ద్రవానికి సొంతంగా పెద్ద వాసన ఉండదు. చర్మం మీద ఉండే సూక్ష్మక్రిములు దాన్ని విడగొట్టినప్పుడే వాసన పుడుతుంది. కొందరిలో ఎక్కువగా, కొందరిలో తక్కువగా ఉండడానికి వంశపారంపర్యం కూడా ఒక కారణం. కాబట్టి ‘బద్ధకస్తుడు గనుకే వాసన’ అని తీర్పు చెప్పడం అన్యాయం. రోజూ స్నానం చేసే పిల్లవాడికి కూడా ఇది రావచ్చు.

ఈ వాసన దానంతటదే బులూగ్‌కు, అంటే యుక్తవయస్సుకు నిదర్శనం కాదు. కొందరిలో 9, 10 ఏళ్ళకే మొదలవుతుంది. కానీ ఆ దశ దగ్గరపడుతోందని కన్నవారికి ముందుగా అందే కబురు మాత్రం ఇదే. రేపో మాపో ఈ పిల్లవాని మీద నమాజు, రోజా విధి కాబోతున్నాయి. అతని కర్మల పత్రం రాయబడబోతోంది. జుమా నాటి స్నానాన్ని దైవప్రవక్త (స) ఎవరికి నొక్కిచెప్పారో గమనించండి. యుక్తవయస్సుకు చేరిన ప్రతి ఒక్కరికీ అని హజ్రత్ అబూ సయీద్ ఖుద్రీ (రజి) ఉల్లేఖనలో ఉంది. మిస్వాక్ చేయడం, దొరికితే సువాసన పూసుకోవడం కూడా ఆ వెంటనే పేర్కొనబడ్డాయి. ఎక్కువమంది పండితులు ఈ స్నానాన్ని ముఖ్యమైన సున్నత్‌గా భావించారు. అంటే వయసు రావడాన్నీ, ఒంటి శుభ్రతనూ ధర్మమే ఒకచోట చేర్చింది.

అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. చెమట వాసన గురించి మాట్లాడడానికి సిగ్గుపడే ఇంట్లో గుసుల్ గురించి ఎవరు మాట్లాడతారు? స్వప్నస్ఖలనం అయితే స్నానం విధి అని కొడుక్కు తండ్రి చెప్పడు. నెలసరి ముగిశాక ఎలా శుద్ధి పొందాలో కూతురికి తల్లి విడమరచి చెప్పదు. పిల్లలు స్నేహితుల దగ్గర సగం సగం విని, గుసుల్ లేకుండానే నమాజులు చదివేస్తుంటారు. చెమట చొక్కాతో నమాజు చెల్లుతుంది, కానీ విధి అయిన గుసుల్ లేకుండా చెల్లదు. మన మౌనం వల్ల పిల్లలకు కలిగే అసలు నష్టం ఇది.

హజ్రత్ ఉమ్మె సులైమ్ (రజి) దైవప్రవక్త (స) వద్దకు వచ్చి, సత్యం విషయంలో అల్లాహ్ సంకోచించడు అన్న మాటతో మొదలుపెట్టి, స్త్రీకి స్వప్నస్ఖలనం అయితే గుసుల్ విధి అవుతుందా అని అడిగారు. ఆయన కోపించలేదు, సమాధానమిచ్చారు. అన్సార్ స్త్రీలు ధర్మజ్ఞానం నేర్చుకోవడానికి సిగ్గును అడ్డురానివ్వలేదని హజ్రత్ ఆయిషా (రజి) మెచ్చుకున్నారు. సిగ్గు విశ్వాసంలో భాగమే. కానీ విధిని నేర్పనివ్వని సిగ్గు ఆ సిగ్గు కాదు.

మదీనా మస్జిదులో జుమా రోజు

చెప్పాలని తేలింది. మరి ఎలా చెప్పాలి? ఇందుకు మనం ఎక్కడో వెదకనక్కర లేదు. సరిగ్గా ఈ సమస్యే దైవప్రవక్త (స) కాలంలో మదీనాలో ఎదురైంది.

హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖన ప్రకారం, ప్రజలు తమ ఇళ్ళ నుంచి, మదీనా శివారు పల్లెల నుంచి జుమా నమాజుకు వచ్చేవారు. వారు తమ పనులు తామే చేసుకునే శ్రమజీవులు. దారిలో దుమ్ము కొట్టుకుపోయి, చెమటతో తడిసి వచ్చేవారు. ఒకసారి వారిలో ఒక వ్యక్తి దైవప్రవక్త (స) దగ్గరకు వచ్చాడు. అప్పుడు ఆయన, ఈ రోజు కోసం మీరు శుభ్రపడి వస్తే బాగుంటుంది అన్న భావంతో మాట్లాడారు. ఇక్కడ ఒక సున్నితమైన విషయం ఉంది. వచ్చింది ఒక్కడు, కానీ మాట మాత్రం ‘మీరు’ అని అందరినీ ఉద్దేశించి వెలువడింది. ఆ మనిషి పేరు కూడా ఉల్లేఖనలో లేదు. పధ్నాలుగు వందల ఏళ్ళుగా లోకమంతా ఈ హదీసు చదువుతోంది, అయినా ఆ వ్యక్తి ఎవరో చదివేవారికి తెలియదు!

హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) ఇంకా వివరంగా చెప్పారు. ఆనాటి ప్రజలు ఉన్ని బట్టలు కట్టుకుని, వీపుల మీద బరువులు మోసి పనిచేసేవారు. మస్జిదు ఇరుకుగా ఉండేది, దాని కప్పు ఎత్తు తక్కువ. బాగా ఎండగా ఉన్న ఒక రోజు దైవప్రవక్త (స) బయటికి వచ్చేసరికి ఉన్ని బట్టల్లో చెమట పట్టి, ఆ వాసన ఒకరి నుంచి ఒకరికి ఇబ్బంది కలిగిస్తోంది. ఆయన ప్రజలందరినీ సంబోధించి, ఈ రోజు వచ్చినప్పుడు స్నానం చేయమని, తమకు దొరికిన వాటిలో మంచి నూనె, సువాసన పూసుకోమని ఉపదేశించారు. తర్వాత అల్లాహ్ కలిమి ప్రసాదించాడు. ఉన్ని బదులు వేరే బట్టలు వచ్చాయి, మోత పనుల భారం తగ్గింది, మస్జిదు విశాలమైంది, ఇబ్బంది చాలావరకు తగ్గిపోయింది.

ఈ రెండు ఉల్లేఖనల్లో మనకు మూడు పాఠాలున్నాయి. మొదటిది, దైవప్రవక్త (స) ఊరుకోలేదు, ఇతరులకు ఇబ్బంది కలుగుతున్నప్పుడు చెప్పారు. రెండవది, ఎవరినీ వేలెత్తి చూపలేదు. మూడవది, లోపం ఎంచి వదిలేయకుండా స్నానం, నూనె, సువాసన అంటూ ఉపాయం కూడా చూపారు. ఇబ్నె అబ్బాస్ (రజి) అయితే బట్ట రకం, పని, చోటు – ఈ కారణాలను కూడా లెక్కలోకి తీసుకున్నారు. వాసన మనిషి స్వభావం కాదు, దానికి కారణాలు ఉంటాయి, కారణం మారితే అది పోతుంది అని దీనివల్ల తెలుస్తోంది.

పక్కవారి హక్కు మాటేమిటి?

ఇక్కడ ఒక ప్రశ్న రావచ్చు. పచ్చి వెల్లుల్లి, ఉల్లి తిన్నవారు మస్జిదుకు దూరంగా ఉండాలని దైవప్రవక్త (స) ఆదేశించారు కదా! మనుషులను బాధించేది దైవదూతలనూ బాధిస్తుందని కారణం కూడా చెప్పారు కదా! అలాంటప్పుడు వాసన వేసే కుర్రవాణ్ణి మస్జిదు నుంచి దూరంగా పంపడంలో తప్పేముంది?

సఫ్‌లో పక్కన నిలబడినవారికి హక్కు ఉందన్నది నిజం. భుజం భుజం కలిపి నిలబడే నమాజులో ఒకరి వాసన మరొకరి ఏకాగ్రతను చెడగొడుతుంది. దాన్ని కాదనలేం. కానీ వెల్లుల్లి తినడం, తినకపోవడం మనిషి చేతిలో ఉంది. వయసు తెచ్చిన చెమట అతని చేతిలో లేదు, దాన్ని కడుక్కోవడం మాత్రమే అతని చేతిలో ఉంది. అది కూడా ఎవరైనా నేర్పితేనే. వెల్లుల్లి విషయంలో సైతం హజ్రత్ ఉమర్ (రజి) తినాలనుకునేవారు బాగా ఉడికించి దాని వాసన చంపి తినమని దారి చూపారు. మస్జిదులో పెద్దల చీదరింపుకు గురైన కుర్రవాడు మరుసటి శుక్రవారం రాకపోవచ్చు. ఆ తర్వాత ఎప్పటికీ రాకపోవచ్చు. పక్కవారి హక్కును మస్జిదు గుమ్మంలో కాదు, ఇంటి స్నానాల గదిలో, బట్టలు ఉతికే రాయి దగ్గర కాపాడాలి. అంటే ఈ బాధ్యత మొదట కన్నవారిదే.

ఇక ఎగతాళి సంగతి. ఒకరినొకరు ఎగతాళి చేయడాన్నీ, చెడ్డ పేర్లతో పిలవడాన్నీ, వెనుక చాడీలు చెప్పడాన్నీ దివ్యఖుర్ఆన్ ‘అల్ హుజురాత్’ సూరాలో నిషేధించింది. ‘కంపోడు’ లాంటి పేరు బడిలో ఒకసారి అంటుకుంటే ఏళ్ళ తరబడి వదలదు. ఇంట్లో అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు సరదాకు అనే మాటే బయట మారుపేరవుతుంది.

హజ్రత్ ఉమర్ (రజి) కాలం నాటి ఒక సంఘటన చరిత్ర గ్రంథాల్లో ఉంది. కొందరు కూర్చుని ఉన్నచోట ఎవరి నుంచో దుర్వాసన వచ్చింది. ఆ వ్యక్తి లేచి ఉజూ చేసి రావాలని ఉమర్ (రజి) అన్నారు. అక్కడే ఉన్న హజ్రత్ జరీర్ బిన్ అబ్దుల్లాహ్ (రజి), అందరమూ లేచి ఉజూ చేద్దామని సూచించారు. ఒక్కరి పరువు కాపాడడానికి అందరూ కదలాలన్న ఆ ఆలోచన ఉమర్ (రజి)కి ఎంతో నచ్చింది. ఆయనను మనసారా దీవించారు. మన ఇంట్లోనూ ఇలా చేయవచ్చు. ‘రేపటి నుంచి ఎవరి చొక్కా వాళ్ళు ఆ రోజే నానబెట్టాలి’ అన్న నియమం నాన్నతో సహా ఇంటిల్లిపాదికీ పెడితే, ఏ ఒక్కరూ దోషిగా నిలబడనక్కర లేదు.

అయినా ఒంటరిగా చెప్పవలసి వస్తే కొడుక్కు తండ్రి, కూతురికి తల్లి చెప్పడం మంచిది. నలుగురిలో కాదు, కోపంలో కాదు. ‘బేటా, నీకు వయసొస్తా ఉంది. ఈ వయసులో అందరికీ చెమట వాసన మారుతుంది, నాకూ మారింది. ఎట్లా కడుక్కోవాలో చెప్తా విను’ – ఇంత చాలు. హజ్రత్ అనస్ (రజి) పదేళ్ళ వయసులో దైవప్రవక్త (స) సేవలో చేరి, పదేళ్ళు ఆయన దగ్గరే పెరిగారు. యవ్వనం వచ్చే వయసంతా ఆ ఇంటి నీడలోనే గడిచింది. ఆ పదేళ్ళలో తనను ఒక్కసారి కూడా ఆయన ‘ఉఫ్’ అనలేదని అనస్ (రజి) సాక్ష్యమిచ్చారు. ఆయన తల్లి ఎవరో తెలుసా? సిగ్గు అడ్డురానివ్వకుండా గుసుల్ గురించి అడిగిన ఆ ఉమ్మె సులైమ్ (రజి)యే!

బట్టల నుంచి వాసన పోవాలంటే

మంచి మాట చెప్పి ఉపాయం చూపకపోతే పిల్లవానికి దిగులే మిగులుతుంది. అందుకే ఈ విషయాలు కూడా తెలుసుకుందాం.

ఉతికినా వాసన పోకపోవడానికి బట్ట రకం ఒక ముఖ్య కారణం. టెరికాటన్ యూనిఫారాలు, పాలిస్టర్ ఆటల చొక్కాలు నీటిని సరిగా పీల్చవు, ఒంటి జిడ్డును మాత్రం పట్టి ఉంచుతాయి. వ్యాయామం చేసినవారి చొక్కాలను పరీక్షించిన బెల్జియం శాస్త్రవేత్తలు, నూలు బట్ట కంటే పాలిస్టర్ ఎక్కువ దుర్వాసన వేస్తుందని, వాసన పుట్టించే కొన్ని క్రిములు దాని మీదే బాగా పెరుగుతాయని 2014లో ప్రకటించారు. రెండవ కారణం నీళ్ళు. మన జిల్లాల్లో చాలాచోట్ల బోరు నీళ్ళలో సబ్బు సరిగా నురగ రాదు. ఆ నీటిలోని సున్నంతో సబ్బు కలిసి తెల్లటి మడ్డిగా మారి నూలు పోగుల్లో దిగిపోతుంది. జిడ్డూ క్రిములూ ఆ మడ్డిలోనే దాక్కుంటాయి. అందుకే పౌడరు ఎక్కువ వేసినకొద్దీ ఫలితం కనబడదు.

విప్పిన చొక్కాను సంచిలో కుక్కకూడదు, తడి బట్టల కుప్పలో వేయకూడదు. వెంటనే ఉతకలేకపోతే గాలికి ఆరేయాలి. ఉతికేటప్పుడు లోపలి వైపు బయటికి తిప్పాలి. చంకల భాగంలో ముందుగా సబ్బు రాసి పావుగంట ఉంచాలి. మొండి వాసన ఉంటే ఒక బకెట్ గోరువెచ్చని నీళ్ళలో నాలుగైదు చెంచాల వంటసోడా కలిపి రాత్రంతా నానబెట్టి ఉతకాలి. లేదా ఒక గ్లాసు తెల్ల వెనిగర్ కలిపిన నీళ్ళలో అరగంట ఉంచాలి. రెండూ ఒకేసారి కలపకూడదు, ఒకదాని గుణాన్ని మరొకటి చంపుతుంది. వెనిగర్‌ను బ్లీచింగ్ పౌడరుతో ఎన్నడూ కలపరాదు, విషవాయువు పుడుతుంది. నూలు తెల్లబట్టలైతే వేడినీళ్ళలో ఉడికించవచ్చు. పూర్వం చాకలివారు చౌడు మట్టి పట్టించి బానలో ఉడకబెట్టింది ఇందుకే. చివరగా సబ్బు పూర్తిగా పోయేదాకా జాడించి, తిరగేసిన వైపే ఎండలో ఆరేయాలి. మనకు నీళ్ళ కరువుంటే ఉండవచ్చు గానీ ఎండకు కరువు లేదు!

ఒంటి శుభ్రత లేనిదే బట్టల శుభ్రత నిలవదు. చంకల్లో వెంట్రుకలు తీసుకోవడం ప్రవక్తల సున్నత్‌లలో ఒకటి. దాన్ని 40 రోజులకు మించి ఆలస్యం చేయరాదని హదీసులో ఉంది. స్నానం చేశాక చంకలు బాగా తుడుచుకుని, తడిపిన పటిక ముక్క రుద్దుకుంటే క్రిములు తగ్గుతాయి. నీళ్ళు చాలవని సాకు చెప్పనక్కర లేదు. దైవప్రవక్త (స) ఒక ‘సా’ నీటితో, అంటే సుమారు మూడు లీటర్లతో గుసుల్ చేసేవారు. ట్యాంకరు కోసం ఎదురుచూసే ఇంట్లో కూడా అంత నీరు దొరుకుతుంది. ఇన్ని చేసినా వాసన తగ్గకపోతే, చెమట విపరీతంగా పడుతుంటే, చర్మం ఎర్రబడి దురద ఉంటే అది వైద్యుడు చూడవలసిన సంగతి. తిరుపతి రుయా ఆస్పత్రిలోనో, మీకు దగ్గరలోనో చర్మవ్యాధుల డాక్టరుకు చూపించాలి.

అత్తరు సంగతి కూడా చెప్పుకోవాలి. సువాసన దైవప్రవక్త (స)కు ఇష్టమైనది. కానీ ఉపదేశంలోని వరుస చూడండి: ముందు స్నానం, తర్వాత సువాసన. ఉతకని చొక్కా మీద అత్తరు పూస్తే లోపం దాగుతుందే గానీ పోదు. పైగా రెండు వాసనలూ కలిసి ఇంకా ఇబ్బంది పెడతాయి. ఆల్కహాలు కలిసిన స్ప్రేల విషయంలో పండితుల మధ్య అభిప్రాయ భేదం ఉంది. మీరు నమ్మే ఆలిమ్‌ను అడిగి నడుచుకోండి. ఆడపిల్లలు సువాసన పూసుకుని పరాయి పురుషుల మధ్యకు వెళ్ళడం ధర్మసమ్మతం కాదు గనుక వారికి ఉతుకుడే అసలు ఉపాయం. బుర్ఖాలు ఎక్కువగా పాలిస్టర్ బట్టతోనే కుడతారు. ‘పైన వేసుకునేదే కదా’ అని వారాల తరబడి ఉతకకపోతే లోపలి బట్టల చెమటంతా దానికే పడుతుంది. మార్చి మార్చి వేసుకోవడానికి రెండు బుర్ఖాలు ఉంటే మంచిది.

చివరగా ఒక మాట. కొడుకు చొక్కా వాసనను వదిలించే పని తల్లి మీదో, చెల్లెలి మీదో వేయకండి. దైవప్రవక్త (స) ఇంట్లో తన బట్టలు తానే కుట్టుకునేవారు, తన చెప్పులు తానే బాగుచేసుకునేవారు. వయసొచ్చిన పిల్లవాడు తన చొక్కా తానే ఉతుక్కోవడం నేర్చుకుంటే, తన ఒంటికి, తన నమాజుకు తానే బాధ్యుడన్న తెలివి కూడా దానితోపాటే వస్తుంది. అల్లాహ్ ఎదుట తన లెక్క తానే అప్పజెప్పుకోవలసిన వయసు కదా అది! ఆ తెలివి కలిగించడమే కన్నవారి పని. ముక్కు మూసుకుంటే అది రాదు, నోరు మూసుకున్నా రాదు.

పరిశుద్ధులైన వారిని ప్రేమించే అల్లాహ్ మన ఒళ్ళను, మన బట్టలను, వాటితోపాటు మన నాలుకలను కూడా శుభ్రపరచుగాక! మన పిల్లల పరువును మన చేతుల్లో భద్రంగా ఉంచుగాక! ఆమీన్.